కుదువ పెట్టిన కుడిచేయి

నల్లని నీటి సరస్సు నడుమ ఒక చిన్న ద్వీపం. దాని పేరు లింగ్వి. ఆ ద్వీపం మీద దేవతలందరూ గుమిగూడి ఉన్నారు. వారి మధ్య ఒక తోడేలు. దేవతల చేతిలో పట్టుదారం వలె మెత్తగా, నున్నగా ఉన్న సన్నని కట్టుతాడు ఒకటి ఉన్నది. దానితో తన కాళ్లు కట్టనిమ్మని వారు ఆ తోడేలును బతిమాలుతున్నారు. తెంపుకోగలిగితే సరేసరి, తెంపుకోలేకపోతే తామే విప్పివేస్తామని మాట ఇస్తున్నారు. తోడేలుకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. అలాగని పిరికిదన్న పేరు మోయడానికీ అది ఇష్టపడలేదు. చివరకు ఒక షరతు పెట్టింది. ఇందులో మోసమేమీ లేదన్నదానికి పూచీగా, దేవతలలో ఎవరైనా ఒకరు తన నోట్లో చెయ్యి ఉంచాలి.

దేవతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మోసం ఉన్నదని అక్కడ నిలబడిన ప్రతి ఒక్కరికీ తెలుసు. షరతు కాదంటే తోడేలు కట్టుబడదు. ఔనంటే చెయ్యి దక్కదు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఒక్క దేవుడు మాత్రం మారుపలుకు లేకుండా ముందుకు వచ్చి, తన కుడిచేతిని ఆ కోరల మధ్య ఉంచాడు. ఆయన పేరు టీర్.

ఐరోపాఖండపు ఉత్తరకొసన, నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్ దేశాలలో క్రైస్తవం ప్రవేశించడానికి పూర్వం ప్రజలు కొలిచిన దేవతలలో టీర్ ఒకడు. ఈనాడు పురాణగాథల సంపుటాలు తిరగవేస్తే ఆయన పేరు పక్కన ‘న్యాయానికి, ప్రమాణాలకు, త్యాగానికి అధిదేవత’ అన్న బిరుదం తరచు కనిపిస్తుంది. బిరుదం ఘనమైనదే. కాని కథ పూర్తిగా చదివినవారికి ఒక సందేహం కలగక మానదు. అబద్ధమని తెలిసి తెలిసి ఒక ప్రమాణానికి పూచీ పడినవాడు ప్రమాణాలకు అధిదేవత ఎట్లా అయినాడు? మోసానికి తన చేతిని అరువిచ్చినవాడికి న్యాయపీఠం మీద ఏమి హక్కు?

ఈ కథ మనదాకా వచ్చినది స్నోర్రి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండ్ పండితుడి వల్ల. ఆయన 1179లో పుట్టి 1241లో మరణించాడు. 1220 ప్రాంతంలో ఆయన ‘ఎడ్డా’ అనే గ్రంథం కూర్చాడు. అప్పటికి ఐస్‌లాండ్ ప్రజలు క్రైస్తవం స్వీకరించి రెండువందల ఏళ్లు దాటింది. పాత దేవతలకు పూజలు లేవు, గుళ్లు లేవు. అయితే పాత కవుల పద్యాలు మిగిలి ఉన్నాయి. ఆ పద్యాలు అడుగడుగునా ఆ దేవతలను తలుస్తాయి. కథలు తెలియనివాడికి వాటిలో ఒక్క పాదమూ కొరుకుడు పడదు. కుర్రకవులకు కవిత్వమర్మాలు నేర్పడం కోసం స్నోర్రి మతం మారిన తాతముత్తాతల కథలన్నీ ఒకచోట చేర్చాడు. ఆ పని ఆయన చేయకపోయి ఉంటే తోడేలు కథ తబ్సీళ్లు చాలావరకు మనకు దక్కేవే కావు.

ఆ కథ ప్రకారం, దేవతల మధ్యనే మసలుతూ వారికి చిక్కులు తెచ్చిపెట్టే లోకీ అనే మాయావి ఉన్నాడు. (తెలుగులో హ్రస్వంగా రాస్తే ఈ పేరు విభక్తిప్రత్యయమై కూర్చుంటుంది కనుక దీర్ఘమివ్వక తప్పదు.) అతనికి ఆంగ్ర్‌బోడా అనే రాక్షసవనిత వల్ల ముగ్గురు బిడ్డలు కలిగారు. ఒకటి భూమిని చుట్టుకునేటంత సర్పం. ఒకతె హెల్, మృతుల లోకానికి రాణి అయినది. మూడవది ఫెన్రిర్ అనే తోడేలు. ఈ ముగ్గురివల్లా తమకు చేటు తప్పదని దేవతలకు భవిష్యవాణి తెలిసింది. దేవతల పెద్ద అయిన ఓడిన్ సర్పాన్ని సముద్రంలోకి విసిరాడు, హెల్‌ను పాతాళానికి పంపాడు. తోడేలుపిల్లను మాత్రం తమ ఇంటనే పెంచారు.

అది రోజురోజుకూ పెరిగింది. దాని దగ్గరకు పోయి మేత వేసే ధైర్యం దేవతలందరిలో ఒక్క టీర్‌కే ఉండేది. స్నోర్రి ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. కాని కథ బరువంతా ఆ ఒక్క వాక్యం మీదనే ఉన్నది. పిల్లగా ఉన్ననాటినుంచి ఏ దేవుడి చేతి కూడు తిని తోడేలు పెరిగిందో, ఆ దేవుడి చెయ్యే చివరకు దాని నోటికి పూచీగా వెళ్లింది. ఈ రెండు సంగతులకూ ఉన్న ముడిని స్నోర్రి ఎక్కడా ఎత్తిచూపడు. ఐస్‌లాండ్ కథకుల పద్ధతే అంత. చూపవలసినది చూపి ఊరుకుంటారు. చెమ్మగిల్లడం పాఠకుడి పని.

తోడేలు బలం చూసి భయపడిన దేవతలు దానిని కట్టివేయ నిశ్చయించారు. లేడింగ్ అనే సంకెల తెచ్చి, నీ బలం పరీక్షించుకో అన్నారు. తోడేలు ఒక్క విదిలింపుతో దానిని తెంపింది. అంతకు రెట్టింపు బలమైన ద్రోమి అనే సంకెల తెచ్చారు. కీర్తి కావాలంటే కొంత ప్రమాదానికి ఒడ్డుకోక తప్పదనుకుని తోడేలు దానికీ సమ్మతించింది. అదీ తునాతునకలయింది. అప్పుడు ఓడిన్ భూగర్భంలో నివసించే మరుగుజ్జు కమ్మరుల వద్దకు దూతను పంపాడు. వారు గ్లైప్నిర్ అనే మూడవ బంధాన్ని చేసి ఇచ్చారు. దానిలోకి వెళ్లిన ముడిసరుకు ఆరు వస్తువులు: పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి.

కుందేటికొమ్ము, గగనకుసుమం, ఇసుకనుంచి తీసిన తైలం తెలిసిన మనవారికి ఈ జాబితా పరాయిది అనిపించదు. అయితే స్నోర్రి ఇక్కడ ఒక కొంటెమాట జోడిస్తాడు. పిల్లి నడిస్తే చప్పుడు కాకపోవడం, ఆడవారికి గడ్డాలు లేకపోవడం మీరే చూస్తున్నారు కదా, ఇక నా మిగతా మాటలు కూడా నమ్మండి అంటాడు. ఉన్నవన్నీ ఆ తాడులో పేనడానికే ఖర్చయిపోయాయని భావం. ఇనుము ఆపలేనిదానిని ఇవి ఆపాయి.

లింగ్వి ద్వీపంలో జరిగినది ఈ మూడవ ప్రయత్నం. తాడు సన్నదనాన్ని చూసే తోడేలుకు అనుమానం కలిగింది. ఇంత పలుచని దారం తెంపితే తనకు దక్కే కీర్తి ఏమీ లేదు. మాయతో పేనినదైతే అది తన కాళ్ల మీదికి రాకూడదు. ఎంత సూటి అయిన తర్కమో చూడండి. దేవతల వద్ద దానికి జవాబు లేకపోయింది. అందుకే పూచీ అవసరమయింది.

టీర్ చెయ్యి పెట్టాడు. కాళ్లు కట్టారు. తోడేలు తన్నుకున్నది. తన్నుకున్నకొద్దీ తాడు బిగిసింది. అప్పుడు దేవతలందరూ నవ్వారు, టీర్ తప్ప. ఆయన చెయ్యి పోయింది.

స్నోర్రి వాక్యాలు దాదాపు ఇంత పొట్టివే. ఏడుపు లేదు, రక్తం లేదు, ఆయన ముఖకవళికల వర్ణన లేదు. తోడేలు కొరికిన చోటును అప్పటినుంచి ‘తోడేలు కీలు’ అంటున్నారని మాత్రం చెబుతాడు. మనం ఆ చోటును మణికట్టు అంటాం. ఒక జాతి శరీరంలోని ఒక చోటుకు అక్కడ ధరించే నగను బట్టి పేరు పెట్టుకున్నది. మరొక జాతి అదే చోటుకు అక్కడ జరిగిన నష్టాన్ని బట్టి పేరు చెప్పుకున్నది.

ఇక్కడ ఒక మాట దగ్గర కొంచెం ఆగాలి. తోడేలు అడిగినది ఏమిటి? మూలంలో స్నోర్రి వాడిన పదం ‘వెద్’. ఇంగ్లీషు అనువాదాలు దీనిని ఒకచోట ప్రమాణమని, ఒకచోట వాగ్దానమని, ఒకచోట హామీ అని రకరకాలుగా తర్జుమా చేశాయి. తెలుగులో దానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే మాట కుదువ. అప్పు తీసుకునేవాడు నగనో, పొలం కాగితాలనో కుదువ పెడతాడు. అప్పు తీరితే వస్తువు తిరిగి వస్తుంది, తీరకపోతే షావుకారుకు దఖలు పడుతుంది. షావుకారు దానిని ఉంచుకున్నందుకు అతనిని ఎవరూ దొంగ అనరు. ఆ ముక్క తోడేలుకు తెలుసు, టీర్‌కు తెలుసు. కనుక తోడేలు ఆ చేతిని కొరకడం పగ కాదు, శిక్ష కూడా కాదు. మాట చెల్లలేదు, కుదువ సొత్తు చేజారింది. అంతవరకే.

స్నోర్రి ఈ పదం అలవోకగా వాడాడనుకోవడానికి వీలు లేదు. ఆయన కవి మాత్రమే కాదు, న్యాయవేత్త. క్రీ. శ. 930లో ఐస్‌లాండ్‌లో థింగ్‌వెల్లిర్ అనే మైదానంలో ఆల్థింగ్ అనే జాతీయసభ ఏర్పడింది. రాజు లేని ఆ దేశంలో శాసనాలు చేయడానికీ, తగవులు తీర్చడానికీ ఏటేటా వేసవిలో అక్కడ సమావేశమయ్యేవారు. చట్టం తొలిరోజులలో గ్రంథరూపంలో లేదు, ఒక మనిషి నోట ఉండేది. ‘చట్టవక్త’ అనే ఆ అధికారి ఏటికి మూడవవంతు చొప్పున మూడేళ్లలో మొత్తం ధర్మశాస్త్రాన్ని శిలావేదిక మీదనుంచి సభకు వల్లించి వినిపించేవాడు. స్నోర్రి ఆ పదవిని 1215 నుంచి 1218 వరకు ఒకసారి, 1222 నుంచి 1231 వరకు మరొకసారి నిర్వహించాడు. వాగ్దానానికీ కుదువకూ తేడా ఆయనకు తెలియకపోతే మరెవరికి తెలియాలి?

అటువంటి స్నోర్రి టీర్‌ను న్యాయదేవత అన్నాడా? లేదు. ఈ సంగతి చాలా సంపుటాలు చెప్పకుండా దాటవేస్తాయి. స్నోర్రి ఆయనను మహాధైర్యవంతుడన్నాడు. యుద్ధాలలో జయాపజయాలు చాలావరకు ఆయన చేతిలో ఉన్నాయన్నాడు, వివేకవంతుడన్నాడు. మనుషుల మధ్య రాజీ కుదిర్చేవాడన్న పేరు మాత్రం ఆయనకు లేదని స్పష్టంగా రాశాడు. తగవు తీర్చడమే న్యాయమైతే, ఆ పని టీర్‌ది కాదని ఆ దేశపు చట్టవక్తే తేల్చివేశాడన్నమాట.

స్నోర్రి కంటే పాతవైన పద్యాలు కూడా ఇదే పాట పాడతాయి. పాత దేవతల పద్యాలు కూర్చిన ఒక చర్మపత్ర గ్రంథం 13వ శతాబ్దపు ద్వితీయార్ధంలో రాయబడింది. అది శతాబ్దాలపాటు డెన్మార్క్ రాజుల గ్రంథాలయంలో ఉండి, 1971 ఏప్రిల్ 21న ఓడ మీద ఐస్‌లాండ్‌కు తిరిగి వచ్చింది. ఆనాడు రేక్యవిక్ రేవులో వేలాది జనం దానికోసం ఎదురుచూశారు. ఒక పుస్తకానికి అటువంటి స్వాగతం లభించడం అరుదు. ఆ గ్రంథంలోని ఒక కావ్యంలో దేవతలు విందు చేసుకుంటుండగా లోకీ వచ్చి ఒక్కొక్కరినీ తూర్పారపడతాడు. టీర్ వంతు వచ్చినప్పుడు, ఇద్దరి మధ్య మంచి కుదర్చడం నీకెన్నడూ చేతకాలేదని ఎత్తిపొడుస్తాడు. పోయిన కుడిచేతిని కూడా గుర్తు చేస్తాడు. అందుకు టీర్ ఇచ్చిన సమాధానం గమనించదగినది. నాకు చెయ్యి పోయింది, నీకు తోడేలు పోయింది, ఇద్దరికీ నష్టమే అన్న భావం చెప్పి ఊరుకుంటాడు. న్యాయం తన పక్షాన ఉన్నదని ఆయన వాదించడు. రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి లెక్క చూపిస్తాడు.

పోనీ, జనం ప్రమాణం చేసేటప్పుడైనా టీర్‌ను తలిచేవారా? ఐస్‌లాండ్ పాత రచనలలో మిగిలిన ప్రమాణపాఠం ఒకటి ఉన్నది. పవిత్రమైన కడియం మీద చెయ్యి వేసి సభలో ఆ ప్రమాణం చేసేవారు. అందులో ఫ్రేయ్ పేరు ఉన్నది, న్యోర్డ్ పేరు ఉన్నది, సర్వశక్తిమంతుడైన మరొక దేవుడు పేరు లేకుండా ఉన్నాడు. ఆ మూడవవాడు ఎవరన్నది పండితులు ఈనాటికీ తేల్చుకోలేదు. థార్ అన్నవారు, ఓడిన్ అన్నవారు, ఉల్ అన్నవారు ఉన్నారు. టీర్ పేరు మాత్రం ఆ పాఠంలో లేదు.

మరి ఆయనకు ఆ బిరుదం ఎక్కడిది? దారి కొంచెం వెనక్కు, ఐస్‌లాండ్‌నుంచి రోమను సామ్రాజ్యపు సరిహద్దులకు పోవాలి. స్నోర్రికి వెయ్యేళ్ల పూర్వం రోమనులు తమ ఉత్తరాన ఉన్న జర్మను తెగల దేవతలను తమ దేవతల పేర్లతో పిలిచేవారు. టీర్‌కు పూర్వరూపమైన దేవుణ్ణి వారు తమ యుద్ధదేవత మార్స్‌తో సమానం చేశారు. ఆ దేవుడు అప్పుడు సాత్వికుడేమీ కాదు. క్రీ. శ. 58లో రెండు జర్మను తెగల మధ్య ఒక ఉప్పునది కోసం జరిగిన యుద్ధంలో గెలిచినవారు, ఓడిన సైన్యాన్ని మనుషులతో గుర్రాలతో సహా మార్స్‌కూ మెర్క్యురీకీ బలి ఇస్తామని ముందే మొక్కుకున్నారని రోమను చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మొక్కు చెల్లించారు కూడా. త్యాగమనే మాటకు ఆనాడున్న అర్థం అది.

వారాల పేర్లు పుట్టినదీ ఈ సమానత వల్లనే. రోమనుల మార్స్ వారాన్ని ఇంగ్లీషువారు తమ భాషలో టీవ్ వారంగా మార్చుకున్నారు. టీర్‌కు వారి ఉచ్చారణ టీవ్. అదే ఈనాటి ట్యూస్‌డే. ఆ గ్రహవారాల క్రమమే మన దేశానికీ వచ్చింది. కుజగ్రహం పేరిట మనకు మంగళవారం అయినది. మంగళవారంనాడు శుభకార్యం తలపెట్టడానికి తటపటాయించే మన ఇంటి పెద్దలకు, తాము జంకుతున్న రోజుకు ఎక్కడో ఉత్తరసముద్రపు ఒడ్డున ఒంటిచేతి దేవుడి పేరు ఉన్నదన్న సంగతి తెలియదు.

ఈ యుద్ధదేవతకు సభతో ఉన్న సంబంధం 1883లో బయటపడింది. ఉత్తర ఇంగ్లండులో రోమను చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన సరిహద్దు గోడ పొడుగునా ఉన్న కోటలలో హౌస్‌స్టెడ్స్ ఒకటి. అక్కడ కొన్ని బలిపీఠాలు దొరికాయి. రోమను సైన్యంలో కొలువు చేస్తున్న జర్మను సైనికులు క్రీ. శ. 3వ శతాబ్దంలో వాటిని ప్రతిష్ఠించారు. ఒక పీఠం మీద దేవుడి పేరు ‘మార్స్ థింగ్సస్’ అని చెక్కి ఉన్నది. థింగ్ అంటే సభ, తగవులు తీర్చే ప్రజాసభ. ఐస్‌లాండ్ ఆల్థింగ్‌లో ఉన్నది ఆ మాటే. (ఇంగ్లీషులో అదే మాట దిగజారి దిగజారి, చేతికందిన ఏ వస్తువుకైనా వాడే థింగ్ అయినది. పదాలకు కూడా ప్రారబ్ధం ఉంటుంది.) జర్మను భాషలో మంగళవారానికి ఉన్న దీన్‌స్టాగ్ అనే పేరు కూడా ఈ సభాదేవత పేరునుంచే వచ్చినదని భాషావేత్తల అభిప్రాయం. కనుక ఆ దేవుడు రణరంగానికే కాక న్యాయసభకూ పెద్ద అని పండితులు నిర్ణయించారు. ఆయనే టీర్ అన్నది సబబైన ఊహ. పీఠం మీద టీర్ పేరు మాత్రం లేదు.

ఈ ఊహకు గట్టి పునాది వేసినవాడు ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజిల్. ఆయన 1940లో ‘మిత్ర-వరుణ’ అనే గ్రంథం ప్రకటించాడు. పేరు చూస్తేనే మన వేదాలను ఆయన ఎంత దూరం తీసుకుపోయాడో తెలుస్తుంది. రాజ్యాధికారానికి రెండు ముఖాలని ఆయన సిద్ధాంతం. ఒకటి మాయతో, భయంతో పాలించేది, రెండవది ఒప్పందంతో, ధర్మంతో పాలించేది. వేదంలో వరుణుడు మొదటివాడు, మిత్రుడు రెండవవాడు. ఉత్తరదేశాలలో ఒంటికన్ను ఓడిన్ మొదటివాడు, ఒంటిచేతి టీర్ రెండవవాడు. రోములో శత్రురాజు ఎదుట తన కుడిచేతిని నిప్పులలో కాల్చుకున్న స్కేవోలా కథను కూడా ఆయన ఈ కోవలోనే చేర్చాడు. తనవంటి యువకులు మూడువందలమంది నిన్ను చంపడానికి శపథం చేశారని స్కేవోలా ఆ రాజును బెదిరించాడు. ఆ మాటలో నిజమెంతో ఎవరికీ తెలియదు. కాలుతున్న చేతిని చూసి రాజు నమ్మాడు. ద్యుమెజిల్ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆధారాలకు మించి అల్లాడన్నవారూ ఉన్నారు. అయినా న్యాయదేవత అన్న బిరుదం టీర్‌కు స్థిరపడడానికి హౌస్‌స్టెడ్స్ రాయి ఒక కారణమైతే ద్యుమెజిల్ పుస్తకం మరొకటి.

ఆ దేవుడి పేరు కూడా మనకు పరాయిది కాదు. టీర్ అన్నదానికి మూలరూపం తీవజ్, దానికి మూలం దేయివోస్. సంస్కృతంలో దేవ శబ్దానికీ అదే మూలం. పాత ఉత్తరభాషలో టీర్ అన్నది ఒక్క దేవుడి పేరే కాదు, దేవుడన్న అర్థమిచ్చే సామాన్యనామం కూడా. ఓడిన్‌కు కూడా టీర్‌తో ముగిసే బిరుదాలున్నాయి. ఒకప్పుడు ‘దేవుడు’ అంటే చాలు, ఎవరో తెలిసిపోయేటంత పెద్దవాడు, స్నోర్రి కాలానికి ఒకే ఒక్క సొంతకథ ఉన్న చిన్నదేవుడుగా మిగిలాడు. ఆ కథలో కూడా ఆయన నోట ఒక్క మాట లేదు.

ఆ మౌనం దగ్గరే మొదటి సందేహానికి కొంత వెలుగు దొరుకుతుంది. కురుక్షేత్రంలో ధర్మరాజు చేత అబద్ధం ఆడించిన ఘట్టం తెలుగువారికి తెలిసినదే. అశ్వత్థామ చచ్చాడని ఎవరు చెప్పినా ద్రోణుడు నమ్మలేదు, ధర్మరాజు చెబితే నమ్మాడు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకు దిగింది. మోసం పండాలంటే నమ్మదగిన మనిషి కావాలి. లింగ్వి ద్వీపంలోనూ అంతే. ఓడిన్ చెయ్యి చాచితే తోడేలు నమ్మేదా? చేతికడియం మీద ఒట్టు వేసి తప్పినవాడని ఓడిన్ పేరిట ఉన్న పద్యాలే చెబుతాయి. దేవతల కోటగోడ కట్టిన శిల్పికి ప్రమాణపూర్వకంగా ఇచ్చిన మాటను కూడా దేవతలు నిలబెట్టుకోలేదు. ఒప్పందం ప్రకారం దక్కవలసిన కూలికి బదులు వాడికి థార్ సుత్తిదెబ్బ దక్కింది. ఆ ఒట్లు తప్పినందుకు దేవతలలో ఎవరూ వేలి గోరైనా పోగొట్టుకోలేదు.

టీర్ విషయం అట్లా కాదు. అక్కడ చేరిన అందరి అబద్ధానికీ ఆయన ఒక్కడి చెయ్యి చెల్లుబడి అయినది. ధర్మరాజు చివరి మాటను లోగొంతుకతో పలికి సత్యానికీ అసత్యానికీ నడుమ దూరగలిగాడు. టీర్‌కు ఆ సందు లేదు. నోట్లో పెట్టిన చేతిని లోగొంతుకతో పెట్టడం కుదరదు. ఆయన మోసంలో పాలుపంచుకున్నాడు, నిజమే. పెంచిన తోడేలు నమ్మకాన్ని అమ్ముకున్నాడు, అదీ నిజమే. ఆయనను నిష్కళంకుడని చిత్రించే నేటి పుస్తకాలు ఆ తోడేలుకు అన్యాయం చేస్తున్నాయి. కాని మిగిలిన దేవతలు ఇచ్చినది మాట. ఆయన ఇచ్చినది చెయ్యి. చెల్లించవలసిన వేళ వచ్చినప్పుడు ఆయన చేతిని లాక్కున్నట్టు కథలో ఎక్కడా లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇంత ప్రమాదకరమైన జంతువును దేవతలు ఎందుకు చంపలేదు? స్నోర్రి కథలో ఈ ప్రశ్న వేసిన శ్రోత ఒకడున్నాడు. అతనికి వచ్చిన జవాబు ఇది: తమ పవిత్రస్థలాల మీద దేవతలకు ఎంత గౌరవమంటే, ఆ నేలను తోడేలు నెత్తుటితో మైలపరచడానికి వారు ఒప్పుకోలేదు. నేల మైలపడకూడదు, మాట మైలపడితే పరవాలేదు! ఆ సభలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. అందరూ నవ్వినప్పుడు నవ్వనివాడికి తోచి ఉండవచ్చు.

ఈ కథ రాసిన స్నోర్రి జీవితంలోనూ కుదువ ఉన్నది. నార్వే రాజు కొలువుకు పోయినప్పుడు, ఐస్‌లాండ్ ప్రజలను రాజుకు లోబరుస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆ మాటకు పూచీగా తన కుమారుణ్ణి నార్వేకు పంపాడు. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఆ మాట నెరవేర్చడానికి పెద్దగా పాటుపడినట్టు కనిపించదు. స్వదేశీయులకు ఆయన రాజు మనిషి. రాజుకు ఆయన మాట తప్పినవాడు. 1241 సెప్టెంబరులో ఒక రాత్రి ఆయన శత్రువులు రేక్‌హోల్ట్‌లోని ఇంటిమీద పడి, నేలమాళిగలో దాగిన ఆయనను చంపారు. వారి నాయకుడికి రాజు పంపిన ఉత్తరువు ఉన్నది. మరి ఇరవై ఏళ్లు దాటేసరికి, 1262-64 నాటికి, ఐస్‌లాండ్ నార్వే రాజుకు లోబడిపోయింది. టీర్ చేతిని గురించి రాసినప్పుడు స్నోర్రి మనసులో ఏమున్నదో ఊహించడం మన పని కాదు. ఒప్పందానికి మనిషిని కుదువ పెట్టడం అంటే ఏమిటో మాత్రం ఆయనకు పుస్తకాలు చెప్పనక్కరలేకపోయింది.

ఇక తోడేలు. దేవతలు దాని బంధాన్ని పాతాళపు బండరాతికి బిగించారు. అది నోరు తెరచి అందరినీ కరవబోగా, పిడి కింది దవడకూ మొన పై అంగిటికీ తగిలేటట్టు ఒక కత్తిని నోట్లో నిలబెట్టారు. మూయడానికి వీలులేని ఆ నోటినుంచి కారే చొంగ నదిగా ప్రవహిస్తున్నది. ఆ నదికి స్నోర్రి చెప్పిన పేరు వాన్. వాన్ అంటే ఆశ.

యుగాంతంలో ఆ బంధం తెగుతుంది. అప్పుడు ఫెన్రిర్ పై దవడ ఆకాశాన్ని, కింది దవడ భూమిని ఒరుసుకుంటూ వస్తుందట. ఓడిన్‌ను మింగుతుంది. ఓడిన్ కొడుకు విడార్ దాని దవడలు చీల్చి తండ్రి పగ తీర్చుకుంటాడు. థార్ సర్పాన్ని చంపి దాని విషానికి పడిపోతాడు. ఆనాడు ఎవరి పాత బాకీ వారు తీర్చుకుంటారు. టీర్‌కు మాత్రం ఎదురయ్యేది గార్మ్ అనే వేటకుక్క. అది ఆయనను చంపుతుంది, ఆయన దానిని చంపుతాడు. ఫెన్రిర్ ఉన్న వైపుకు ఆయన పోయినట్టు స్నోర్రి రాయలేదు.